అంతర్జాతీయ రోమింగ్ ఛార్జీలు

అంతర్జాతీయ రోమింగ్ అనగా ఒక దేశంలో తీసుకున్న సిమ్ కార్డును వేరొక దేశంలో, అక్కడి టెలిఫోను సంస్థ టవర్ల ద్వారా, అదే నంబరుతో వాడుకునే సౌకర్యం. ఇందుకు వినియోగదారుడు చెల్లించే రుసుములే రోమింగ్ ఛార్జీలు. విదేశయాత్ర ముగించుకుని ఇంటికి చేరిన తరువాత వేల రూపాయల బిల్లు చూసి నిర్ఘాంతపోయినవారు మన మధ్య చాలామందే ఉన్నారు. "నేను రెండు కాల్సే కదా చేసింది" అని వారు అనటంలో అబద్ధం ఉండదు. ఇటువంటి బిల్లు తరచుగా మనిషి చేసిన కాల్స్ వల్ల కాక, ఫోను తనంతట తాను చేసుకున్న పనుల వల్లనూ, కొన్న ప్యాకుకు గల హద్దులు తెలియకపోవటం వల్లనూ ఏర్పడుతుంది. ఆ కారణాలను, వాటి నివారణను వివరించటం ఈ వ్యాసం ఉద్దేశం.

పరదేశంలో సిమ్ కార్డు పనిచేసే విధం

ప్రతి సిమ్ కార్డులోనూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. మన దేశపు సిమ్‌లలో దీనికి 15 అంకెలు. ఇది మనం ఇతరులకు చెప్పే పది అంకెల ఫోను నంబరు కాదు. దీనిలోని మొదటి మూడు అంకెలు దేశాన్ని తెలుపుతాయి. భారతదేశానికి 404, 405 అనే సంఖ్యలు, శ్రీలంకకు 413, యునైటెడ్ అరబ్ ఎమిరేట్సుకు 424, సింగపూరుకు 525 కేటాయించబడ్డాయి. విమానం దిగి ఫోను ఆన్ చేయగానే అక్కడి టవరు ఈ సంఖ్యను చదివి, వచ్చినవాడు ఏ దేశపు ఏ సంస్థ చందాదారుడో గుర్తిస్తుంది. ఆ సంస్థను సంప్రదించి, అనుమతి పొంది, తన అతిథుల పట్టికలో పేరు రాసుకుంటుంది. భారతదేశంలోని సొంత సంస్థ కూడా తన పట్టికలో "ఈ చందాదారుడు ప్రస్తుతం ఫలానా దేశంలో ఉన్నాడు" అని నమోదు చేసుకుంటుంది. ఒక బడిలో చదివే విద్యార్థి వేరొక ఊరి పరీక్షా కేంద్రంలో కూర్చుని పరీక్ష రాసినట్లే ఇది. కూర్చున్నది అక్కడ, హాల్ టికెట్టు మాత్రం సొంత బడిది.

ఈ ఏర్పాటులో తెలుసుకోవలసిన ముఖ్య విషయం ఏమనగా, మనకు వచ్చే ప్రతి కాల్ ముందు భారతదేశానికి వచ్చి, అక్కడినుండి మనమున్న దేశానికి మళ్ళించబడుతుంది. విజయవాడ నుండి పిలిచే వ్యక్తికి మనం దుబాయిలో ఉన్న సంగతి తెలియదు. అతడు మామూలు కాల్ కు ఇచ్చేదే ఇస్తాడు. విజయవాడకూ దుబాయికీ మధ్య ఖర్చు ఎవరో ఒకరు భరించాలి కనుక అది పిలుపు అందుకున్నవారి మీద పడుతుంది. స్వదేశంలో ఇన్‌కమింగ్ కాల్ ఉచితమై 2003 నుండి అలవాటు పడిపోయిన మనకు, విదేశంలో ఫోను ఎత్తినందుకు కూడా డబ్బు కట్టవలసి రావటం వింతగా తోచటం సహజమే.

దీనికి ఒక చిత్రమైన పర్యవసానం ఉన్నది. భార్యాభర్తలు ఇద్దరూ తమ భారతీయ సిమ్‌లతో సింగపూరు వెళ్ళి, ఒక పెద్ద దుకాణంలో విడిపోయారనుకుందాం. భర్త పై అంతస్తు నుండి కింది అంతస్తులో ఉన్న భార్యకు ఫోను చేస్తే ఆ కాల్ సింగపూరు నుండి భారతదేశానికి వెళ్ళి, తిరిగి సింగపూరుకు వస్తుంది. ప్యాకు లేని పక్షంలో భర్తకు భారతదేశానికి కాల్ చేసినట్లు ఒక రుసుము, భార్యకు రోమింగులో కాల్ అందుకున్నట్లు ఇంకొక రుసుము పడతాయి. ఎదురెదురుగా ఉన్నా సరే, లెక్క మాత్రం ఇదే.

ఇంటర్నెట్ డేటా సైతం సాధారణంగా ఇదే విధంగా సొంత దేశపు సంస్థ గుండానే పోతుంది. అందువల్ల డేటా ఎంత ఖర్చయినదీ సొంత సంస్థకు వెంటనే తెలుస్తుంది. కావలసివస్తే ఆపగలదు కూడా. కాల్స్ సంగతి అట్లా కాదు. వాటి వివరాలను ఆతిథ్యమిచ్చిన సంస్థ కొంత ఆలస్యంగా పంపుతుంది. పోస్ట్‌పెయిడ్ చందాదారుకు ఒక నెల ప్రయాణపు ఖర్చు తరువాతి నెల బిల్లులో కనిపించటానికి కారణం ఇదే. మొదటి బిల్లు మామూలుగా వచ్చిందని సంతోషించి, రెండవ బిల్లు చూసి కంగారుపడటం పరిపాటి.

చరిత్ర

ఒకే సిమ్ కార్డు దేశదేశాలలో పనిచేయటానికి పునాది వేసినది జి.ఎస్.ఎం. అనే ఉమ్మడి ప్రమాణం. ఐరోపా దేశాల టెలిఫోను సంస్థలు 1987లో కోపెన్‌హేగన్‌లో దీనిపై ఒప్పందం చేసుకున్నాయి. మొదటి జి.ఎస్.ఎం. కాల్ 1991 జూలై 1న ఫిన్లాండులో జరిగింది. మరుసటి సంవత్సరమే, అనగా 1992లో, ఫిన్లాండు, బ్రిటను సంస్థల మధ్య మొట్టమొదటి అంతర్జాతీయ రోమింగ్ ఒప్పందం కుదిరింది. భారతదేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న, అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుండి, ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌కు చేసినది.

రోమింగ్ అన్నమాట తెలుగువారికి మొదట పరిచయమైనది విదేశాల వల్ల కాదు. ఆంధ్ర ప్రదేశ్ సర్కిల్ సిమ్‌తో బెంగుళూరుకో, చెన్నైకో వెళితే ఇన్‌కమింగ్‌కు కూడా డబ్బు కోసుకునే రోజులు చాలాకాలం నడిచాయి. రైలు రాష్ట్ర సరిహద్దు దాటగానే ఫోన్లు కట్టివేసిన వారు ఆ రోజులను మరచిపోయి ఉండరు. (2014లో రాష్ట్రం రెండుగా విడిపోయినా టెలికాం సర్కిల్ మాత్రం ఒక్కటిగానే ఉన్నది, కనుక హైదరాబాదు, విజయవాడల మధ్య రోమింగ్ ప్రశ్నే రాలేదు.) దేశంలోపలి రోమింగ్ భారం తొలగిపోయిన తరువాత ఆ జాగ్రత్త కూడా జనానికి మరపున పడింది.

ఐరోపా సమాజం ఈ సమస్యను చట్టంతో ఎదుర్కొన్నది. 2007లో తన సభ్యదేశాల మధ్య రోమింగులో చేసే కాల్‌కు నిమిషానికి 49 సెంట్లు, అందుకునే కాల్‌కు 24 సెంట్లు (పన్ను కాక) గరిష్ఠ ధరలుగా నిర్ణయించింది. 2010లో, వినియోగదారుడు వేరే పరిమితి కోరుకుంటే తప్ప, డేటా ఖర్చు నెలకు 50 యూరోలు చేరగానే ఆపివేయాలని నియమం పెట్టింది. 2017 జూన్ 15 నుండి అదనపు రోమింగ్ రుసుములనే రద్దు చేసింది. ఈ ఏర్పాటును 2022లో మరో పదేళ్ళకు పొడిగించింది. అయితే ఇది అక్కడి సిమ్‌లు వాడేవారికి వర్తించే న్యాయం. మన దేశపు సిమ్‌తో పారిస్ వెళ్ళినవారికి దీనివలన ఒరిగేది లేదు. జర్మనీలో సిమ్ కొని ఫ్రాన్సులో వాడుకునే యాత్రికుడికి మాత్రం మేలు. అతడు కూడా స్విట్జర్లాండు ఐరోపా సమాజంలో లేదని గుర్తుంచుకోవాలి. పటంలో చుట్టూ దాదాపు అన్నీ సభ్యదేశాలే ఉన్నా, మన పర్యాటకులు తప్పక వెళ్ళే ఆ దేశానికి ఈ నియమం వర్తించదు. బ్రిటను కూడా 2020 చివరితో ఈ ఏర్పాటు నుండి వెలుపలికి వచ్చింది.

ఊహించని ఖర్చు పుట్టే చోట్లు

అన్నిటిలోకీ పెద్దది డేటా. ఒక లెక్క చూద్దాం. ప్యాకు లేనపుడు ధరను 10 కిలోబైట్లకు ఇంత అని చెబుతారు. ఉదాహరణకు 10 కిలోబైట్లకు 5 రూపాయలు అనుకుందాం. వినటానికి ఇది స్వల్పమే. కాని ఒక మెగాబైటుకు 1024 కిలోబైట్లు కనుక మెగాబైటు ధర 512 రూపాయలు అవుతుంది. ఫోనుతో తీసిన ఒక ఫోటో 4 మెగాబైట్లు ఉంటే దానిని పంపటానికి 2,048 రూపాయలు. సాయంత్రం బస చేసిన చోట ఫోను తనంతట తాను 20 ఫోటోలను భద్రపరచుకొన్నచో 40,960 రూపాయలు. దీనిపై 18 శాతం జి.ఎస్.టి. అదనం. యజమాని నిద్రపోతున్నాడు, ఫోను మాత్రం తన పని తాను చేసుకుపోతున్నది. ఫోటోలు దాచుకోవటం, అప్లికేషన్ల కొత్త రూపాలు దించుకోవటం, వాట్సాప్ లో వచ్చిన ప్రతి వీడియోను అడగకుండానే దించటం, ఇవన్నీ స్వదేశంలో సదుపాయాలు. పరదేశంలో ఇవే ముంచుతాయి.

రెండవది మధ్యలో ఆగే దేశం. దీనిని గురించి హెచ్చరించేవారు తక్కువ, నష్టపోయేవారు ఎక్కువ. హైదరాబాదు నుండి అమెరికా వెళ్ళేవారు అనేకులు దుబాయి, అబూధాబి, దోహా వంటి చోట్ల విమానం మారతారు. అమెరికాకు మాత్రమే వర్తించే ప్యాకు కొన్నవారికి ఆ రెండు మూడు గంటల మజిలీలో ఆ ప్యాకు రక్షణ ఉండదు. "క్షేమంగా దిగాం" అని చెప్పటానికి ఫోను తెరిస్తే సాధారణ ధర పడుతుంది. ప్యాకు కొనేటపుడు వెళ్ళే దేశం పేరు మాత్రమే కాక, దారిలోని దేశాల పేర్లు కూడా జాబితాలో ఉన్నవో లేవో చూసుకోవాలి. లేని పక్షంలో మజిలీలో ఫోనును ఫ్లైట్ మోడ్ లోనే ఉంచి, విమానాశ్రయపు వై-ఫై వాడుకోవటం మేలు. దేశం ఒక్కటే చాలదు. కొన్ని ప్యాకులు ఆ దేశంలోని ఒకటి రెండు సంస్థల టవర్లపై మాత్రమే చెల్లుతాయి. ఫోను వేరే సంస్థను పట్టుకుంటే అక్కడా ఇదే చిక్కు.

"రోజు" అన్న మాట కూడా చిక్కులమారిదే. కొన్ని ప్యాకులలో రోజు అనగా మొదలైన క్షణం నుండి 24 గంటలు. మరికొన్నిటిలో భారత కాలమానం ప్రకారం అర్ధరాత్రితో రోజు ముగుస్తుంది. మనకు అర్ధరాత్రి అయినపుడు న్యూయార్కులో వేసవిలో మధ్యాహ్నం 2.30, చలికాలంలో 1.30 గంటలు. అక్కడ ఉదయం పదింటికి ఒక రోజు ప్యాకు ఆరంభించినవారికి భోజనాల వేళ దాటగానే రెండవ రోజు లెక్కలోకి వస్తుంది.

కాల్ ఫార్వర్డింగ్ వల్ల కలిగే నష్టం మరీ విడ్డూరమైనది. మనం ఎత్తని కాల్స్ వేరే నంబరుకో, వాయిస్ మెయిలుకో మళ్ళేటట్లు స్వదేశంలో ఉండగా ఎపుడో పెట్టి మరచిపోతాం. విదేశంలో ఫోను మోగి, మనం ఎత్తకపోతే, అప్పటికే అక్కడిదాకా వచ్చిన కాల్ తిరిగి భారతదేశానికి మళ్ళించబడుతుంది. రానూ పోనూ రెండు కాల్స్ లెక్క. ఎత్తని కాల్‌కు రెండింతలు కట్టటమంటే ఇదే. (ఫోను ఆ దేశంలో అసలు ఆన్ చేయకుండా ఉంటే కాల్ భారతదేశంలోనే మళ్ళుతుంది కనుక ఈ బాధ లేదు.) బయలుదేరే ముందు ##002# అని డయల్ చేస్తే మళ్ళింపులన్నీ రద్దవుతాయి.

విమానాలలో, సముద్రంపై తిరిగే ఓడలలో కూడా నేడు మొబైల్ సంకేతం దొరుకుతున్నది. ఇది ఏ దేశానికీ చెందనిది. దీని సంఖ్య 901. ఉపగ్రహం ద్వారా నడుస్తుంది కనుక ధర చాలా ఎక్కువ. దేశాల జాబితాలతో అమ్మే ప్యాకులు ఇక్కడ సాధారణంగా చెల్లవు. సింగపూరులో ఓడ ఎక్కినవారు సింగపూరు ప్యాకు ఉన్నది కదా అనుకోరాదు.

ఇక సరిహద్దులు. రామేశ్వరం యాత్రకు వెళ్ళి ధనుష్కోటి దాకా పోయినవారిలో కొందరి ఫోన్లకు "శ్రీలంకకు స్వాగతం" అనే సందేశం రావటం తెలిసినదే. రేడియో తరంగాలకు నీటిపై అడ్డు లేదు. ఫోనులో అంతర్జాతీయ రోమింగ్ తెరచి ఉన్నవారికి అక్కడ పరదేశపు ధర పడవచ్చును. సెట్టింగులలో నెట్‌వర్కును "ఆటోమేటిక్" నుండి తప్పించి సొంత సంస్థను స్వయంగా ఎంచుకొనిన చాలును.

భారతదేశంలోని నిబంధనలు

భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) 2020 మే నెలలో అంతర్జాతీయ రోమింగ్‌పై నిబంధనలు జారీ చేసింది. వీటి ప్రకారం ఈ సౌకర్యం మొదట మూసి ఉండాలి. చందాదారుడు కోరినపుడే తెరవాలి. విదేశంలో దిగినపుడు ధరలు తెలియజేయాలి. వాడకం 50, 80, 100 శాతం చేరినపుడు హెచ్చరిక సందేశాలు పంపాలి. ఇది మంచి ఏర్పాటే కాని, ఆ సందేశాలు ఆంగ్లంలో, బ్యాంకుల ప్రకటనల నడుమ వచ్చిపడతాయి. వాటిని తెరచి చదివే అలవాటు పెద్ద వయసువారికి తక్కువ. ఒకసారి తెరచిన సౌకర్యాన్ని తిరిగి వచ్చాక మూయించకపోతే, తరువాతి ప్రయాణానికి అది తెరచే ఉండవచ్చునని కూడా గ్రహించాలి.

ప్రీపెయిడ్ వారికి నష్టం బ్యాలెన్సు వరకే పరిమితం. డబ్బు అయిపోతే సేవ ఆగిపోతుంది. పరాయి దేశంలో ఫోను మూగబోవటం ఇబ్బందే అయినా, అప్పు కాదు. పోస్ట్‌పెయిడ్ వారు తమ ఖాతాకు గల పరిమితి ఎంతో ముందే అడిగి తెలుసుకుని, కావలసివస్తే తగ్గించుకోవచ్చును.

బయలుదేరే ముందు చేయవలసినవి

పిల్లల వద్దకు అమెరికా వెళ్ళి ఐదారు నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రులకు ఈ విషయం వారం రోజుల పర్యాటకుల విషయం కన్న భిన్నమైనది. వారికి అక్కడ మాట్లాడుకోవటానికి స్థానిక నంబరు చవక. పిల్లల కుటుంబ పథకంలో ఒక లైను చేర్చటం పరిపాటి. కాని భారతీయ నంబరును వదలుకోవటానికి వీలు లేదు, ఎందుకనగా బ్యాంకు ఓటీపీ వచ్చేది దానికే. పింఛనుదారులు నవంబరులో ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం పని కూడా దానితోనే ముడిపడి ఉంటుంది. కనుక భారతీయ సిమ్‌ను ఫోనులో ఉంచి, దానిపై డేటా రోమింగును మాత్రం ఆపివేసి, సందేశాలు అందుకునేందుకు రోమింగును తెరచి ఉంచటం ఉత్తమ మార్గం. రోమింగులో సందేశం అందుకోవటానికి మన దేశపు సంస్థలు సాధారణంగా రుసుము తీసుకోవు, పంపటానికి తీసుకుంటాయి. ఈ రెండింటి తేడా ముఖ్యం. రెండు సిమ్‌ల ఫోన్లలో ఒక సిమ్ డేటా అందనపుడు రెండవదానికి తనంతట తాను మారే సౌలభ్యం ఉంటుంది. దానిని తప్పక ఆపాలి.

ఈ ఏర్పాట్లన్నీ ఇంటివద్ద ఉండగానే చేయాలి. రోమింగ్ తెరవటానికే ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ అందుకోవటానికి రోమింగ్ కావాలి. విదేశంలో దిగాక మేలుకున్నవారు ఈ వలయంలో చిక్కుకుంటారు. మాకు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి ఇట్లాగే నాలుగు నెలలపాటు తన ఖాతాలోని డబ్బు తాను తీయలేక, మందుల ఖర్చుకు కుమారుని అడగవలసి వచ్చినందుకు చాలా చిన్నబుచ్చుకున్నారు. బిల్లు రాకపోయినా ఇదీ నష్టమే.

ప్రీపెయిడ్ నంబరు విషయంలో మరొక నియమం ఉన్నది. ట్రాయ్ 2013లో చేసిన నిబంధనల ప్రకారం 90 రోజులపాటు ఏ వాడకమూ లేని నంబరును సంస్థ రద్దు చేయవచ్చును. ఖాతాలో కనీసం 20 రూపాయలు ఉంటే ఆ మొత్తాన్ని మినహాయించుకొని మరో 30 రోజులు ఉంచాలి. ఆరు నెలలకు వెళ్ళేవారు తగినంత కాలానికి రీఛార్జి చేయించుకుని, ఖాతాలో కొంత సొమ్ము ఉంచుకోవాలి.

అమెరికాలో పిల్లలు కొనిపెట్టే ఫోను గురించి కూడా ఒక మాట. 2022లో వచ్చిన ఐఫోన్ 14 మొదలుకొని అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే అర లేదు, ఈ-సిమ్ మాత్రమే. భారతీయ సిమ్ కార్డు అందులో ఇమడదు. దానిని ముందే ఈ-సిమ్‌గా మార్పించుకోకపోతే పాత ఫోనును వెంట ఉంచుకోక తప్పదు. పాత ఫోనులోనూ 4జి కాల్ సౌకర్యం ఉన్నదో లేదో చూసుకోవాలి. అక్కడి ప్రధాన సంస్థలు 2022లో 3జి సేవలను నిలిపివేశాయి.

చిన్నదే అయినా ఉపయోగపడే అలవాటు: ఫోనులోని పేర్లన్నిటికీ నంబరు ముందు +91 చేర్చుకోవటం. అది లేకుండా విదేశంలో పది అంకెలు నొక్కితే కాల్ అక్కడి ఎవరికో పోతుంది, లేదా అసలు పోదు.

బిల్లు వచ్చిన తరువాత

ముందుగా కాల్స్, డేటా వివరాలతో కూడిన పూర్తి బిల్లును అడిగి తెప్పించుకోవాలి. ఏ తేదీన, ఏ దేశంలో, ఏ సంస్థ టవరుపై ఎంత పడినదో అందులో ఉంటుంది. వెళ్ళని దేశం పేరు కనిపిస్తే అది ఓడదో, సరిహద్దుదో, మజిలీదో కావచ్చును. పొరపాటని తోచితే సంస్థ ఫిర్యాదుల కేంద్రానికి తెలిపి, వారిచ్చే ఫిర్యాదు సంఖ్యను రాసి ఉంచుకోవాలి. అక్కడ న్యాయం జరగనిచో, 30 రోజులలోగా ఆ సంస్థలోనే ఉండే అప్పీలు అధికారికి విన్నవించుకోవచ్చును. దీనికి రుసుము లేదు. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను తాను విచారించదు. పాస్‌పోర్టుపై పడిన ముద్రలు, విమాన టికెట్లు, దిగినపుడు వచ్చిన ధరల సందేశం, ప్యాకు కొన్నట్లు వచ్చిన సందేశం ఈ సందర్భంలో సాక్ష్యాలుగా పనికివస్తాయి కనుక బిల్లులు పూర్తిగా తేలేవరకు, అనగా తిరిగి వచ్చిన తరువాత రెండు మూడు నెలల వరకు, వాటిని చెరిపివేయరాదు.